హనుమమ్మ పల్లకి

తెల్లవారితే హనుమమ్మను వాడపల్లికి తీసుకుపోవాలి. బండి హ్యాండిల్ చూస్తే ఊగుతోంది.

ఎల్లస్వామి వాకిట్లో గోనెపట్టా పరిచి, పానాలు ముందేసుకుని పొద్దున్నుంచి దానితోనే కుస్తీ పడుతున్నాడు. రామన్నపేటలో పిండిగిర్ని ఆయనదే. రోజూ ఇంజను విప్పి బిగించే మనిషికి పానా పట్టడం నేర్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. అయినా ఈ బండి మాత్రం ఆయన మాట వినడం లేదు.

అది మిలిటరీవాళ్లు హర్రాజులో అమ్మేసిన పాత మోటారుసైకిలు. ఎడమపక్కన ఒక మనిషి కూర్చునే తొట్టి, దాని కింద ఒక చక్రం. హనుమమ్మకు మోకాళ్లు బిగుసుకుపోయి నడక పోయిన ఏడు, ఆమె కోసమే కొన్నాడు దాన్ని. సంతకైనా, జాతరకైనా, పెళ్లికైనా ఆమె ఆ తొట్టిలోనే. కొంగు తలమీదికి లాక్కుని, దొరసానిలా ఎదురొచ్చిన ప్రతివాళ్లనూ పలకరిస్తూ పోయేది. ఊరంతా దాన్ని హనుమమ్మ పల్లకి అనేవారు.

అంతకాలం హ్యాండిల్ ఒక్కనాడూ ఊగలేదు. నాలుగు రోజుల కింద దవాఖాన నుంచి వచ్చేటప్పుడే మొదలైంది. హనుమమ్మను ఆమె తమ్ముడు మైసయ్య తన లారీలో పడుకోబెట్టుకుని ముందు పోయాడు. వెనక బండి మీద ఎల్లస్వామి. దారి పొడుగునా హ్యాండిల్ వణుకుతూనే ఉంది. తన చేతులే వణుకుతున్నాయనుకున్నాడు.

పెళ్లైనప్పటి నుంచి ఆమె నోరు తెరిచి అడిగింది ఒక్కటే. మూసీ పోయి కృష్ణలో కలిసేచోటు చూడాలని.

"ఒక్కపారి వాడపల్లి జూపియ్యరాదు" అని ఏటేటా అడిగేది.

"రోడ్డు మంచిగ పడనియ్యి. గీ గుంతలల్ల నీ కీళ్లు ఓర్వయి" అని ఏటేటా చెప్పేవాడు.

సాగర్ డ్యాముకు సిమెంటు లారీలు తిరగబట్టి ఆ రోడ్డూ పడింది. అప్పుడు గిర్నిలో పని అడ్డమొచ్చింది. ఆ తర్వాత వానలు అడ్డమొచ్చాయి. తలుచుకుంటే ఎల్లస్వామికి తన మీద తనకే అసహ్యం వేస్తోంది. ఇన్నేళ్లకు తీసుకుపోతున్నాడు. దారిలో ఆమెకు ఒక్క కుదుపు కూడా తగలకూడదు. అదే ఆయన పంతం.

టైర్లలో గాలి సరిచూశాడు. ఇంజను కింద దుంగ పెట్టి ముందు చక్రం పైకి లేపాడు. హ్యాండిల్ తిప్పితే నడిమధ్యలో పట్టినట్టు ఆగుతోంది. మెడ విప్పి చూస్తే ఇనుప గోళీలు కొన్ని అరిగిపోయి ఉన్నాయి. అన్నీ తీసేసి, కొత్తవి గ్రీజులో అద్ది పేర్చాడు. ఇక నట్టు బిగించడంలోనే ఉంది కిటుకంతా. ఎక్కువైతే హ్యాండిల్ తిరగదు, తక్కువైతే గడగడలాడుతుంది. చిటికెన వేలితో తోస్తే దానంతటదే పక్కకు వాలాలి.

వాలింది. ఎల్లస్వామి గడప అవతలి వేపచెట్టు వైపు ఒకసారి చూసి, చెమట తుడుచుకున్నాడు.

పక్కింటి భద్రమ్మ గిన్నెలో అన్నం తెచ్చింది. ఎల్లస్వామి ఇంట్లో పొయ్యి రాజేసేవాళ్లు లేరు.

"జర ఇంత తిను, అన్నా. నువ్వే పడిపోతే వదినెను ఎవరు తీస్కపోతరు?"

"హ్యాండిల్ కుదరనియ్యి, భద్రమ్మా. అప్పటిదాంక ముద్ద దిగదు."

చౌటుప్పల్ తొవ్వలో కొంతదూరం పోయి వచ్చాడు. మళ్లీ అదే ఊపు. హ్యాండిల్ మీద ఊపు ఆపే మర ఇంకాస్త బిగించి మళ్లీ పోయాడు. తేడా లేదు. బండి దిగి గోనెపట్టా మీద కూలబడ్డాడు. గ్రీజు చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చాడు.

మైసయ్య లారీ దగ్గర్నుంచి వచ్చి బండి చుట్టూ తిరిగి చూశాడు. తొట్టిని కాలితో నొక్కి వదిలాడు. అది చెంగున పైకి లేచింది.

"బావా, బండికేం రోగం లేదు. ఎప్పుడు జూసినా అక్క కూసున్న తొట్టి గిది. గా బరువుకు అలవాటు పడ్డది. ఉత్త తొట్టి ఎగిరెగిరి పడ్తాంది, హ్యాండిల్‌ను గుంజుతాంది."



"ఇప్పుడామెకు బరువేడున్నది, మైసయ్యా" అన్నాడు ఎల్లస్వామి.

మైసయ్య తల వంచుకున్నాడు. "ఏదన్న బరువేసుకుందాం, బావా. నిలుస్తది."

ఎల్లస్వామి లేచి గిర్నిలోకి నడిచాడు. లోపల కాంటా వేలాడుతోంది. బండి కొన్న కొత్తలో, తొట్టి మోస్తుందో లేదో చూద్దామని ఆటపట్టిస్తూ హనుమమ్మను ఎత్తి ఆ కాంటాలో కూర్చోబెట్టాడు. అరబస్తా జొన్నలు, పైన రెండు మానికలు తూగింది.

"గా రెండు మానికలు నా కడియాలయి" అని ఆమె మూతి ముడిచింది. తర్వాత ఇద్దరూ పడీపడీ నవ్వారు.

తెల్లవారుతుండగా తొట్టిలో అరబస్తా జొన్నలు వేశాడు. వేసి, కాసేపు నిలబడి, మళ్లీ లోపలికి పోయి రెండు మానికలు కొలిచి తెచ్చి పోశాడు. బజారు చివరిదాకా ఒకసారి పోయి వచ్చాడు. హ్యాండిల్ ఇంతైనా ఊగలేదు.

బండి వేపచెట్టు కింద ఆపి, ఇంట్లోకి తేకూడదని పెద్దలు కొమ్మకు కట్టించిన హనుమమ్మ బూడిదకుండను రెండు చేతులతో విప్పి, ఆ జొన్నల మీద పదిలంగా కూర్చోబెట్టాడు.