కట్టకు చాలని థర్మాకోల్

కోరుట్ల దీక్షా శిబిరంలో రేపు పెట్టాల్సిన నమూనా అది: రాబోయే తెలంగాణ, నిండు గోదావరి, మధ్యలో పెద్ద ఆనకట్ట. సగం కట్టకే థర్మాకోల్ అయిపోయింది.

"టీవీ డబ్బాలది పనికిరాదన్నా. కోస్తే గింజలు గింజలుగ రాలుతది. గట్టి షీటు కావాలె. ఒక్క దుకాణం అర్ధగంట తెరిపియ్యుండ్రి," అంది నమూనా చేస్తున్న సౌమ్య.

ఊరంతా బంద్ చేయించిన ప్రేమ్‌సాగర్ నొచ్చుకున్నాడు. "సకల జనుల సమ్మె ఇది. నీ థర్మాకోల్ ముక్కకు దుకాణం తెరుస్తమా? ఉద్యమమన్నంక త్యాగం ఉంటది. గోదారి ఒడ్డుకు ఊళ్లు పెట్టినవ్ గదా, గవి గట్టియే. ఒకటి పీకి కట్టకు అతికియ్యి."

"ఏ ఊరు పీకాలె?"

"ఏదైతేంది? కట్ట ముఖ్యం."

త్యాగం ఇంత తేలికని సౌమ్యకు ఇన్నాళ్లూ తెలియదు. కట్టకు ఎగువన ఉన్న మొదటి ఊరిని బడితో సహా కత్తితో లేపి, ఆయన అరచేతిలో పెట్టింది.

"ఇది మీ ఊరే అన్నా. గీ మూలకున్నది మీ ఇల్లు."

ప్రేమ్‌సాగర్ ఊరిని మెల్లగా దాని చోటనే పెట్టి, జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఎన్ని షీట్లు కావాలె? షట్టర్ లేపకుంట ఎనుక తలుపు తెరిస్తే, అది బందే గదా."