కుదురుకోని నీళ్లు

పెద్దాపురంలో అమ్మమ్మ దగ్గర రెండు రోజులుండి ఇంటికొచ్చిన సాయిదుర్గకు, తన కొత్త అక్వేరియంలో వెల్లకిలా తేలుతున్న ఆరు గప్పీ చేపలు కనిపించాయి. చేతిలోని బ్యాగు నేలకు కొట్టింది.

“ఎవరు వేశారు వీటిని?”

“నేనేనమ్మా. నీళ్లు అద్దంలా ఉన్నాయి కదా అని,” అన్నాడు తండ్రి సురేంద్ర.

“నీళ్లు కుదురుకోవాలని ఎన్నిసార్లు చెప్పాను నాన్నా! చేపల మలినం విషమవుతుంది. దాన్ని విరిచే బ్యాక్టీరియా పెరగడానికి నెల పడుతుంది. చేపల్లేని తొట్టెలో రోజూ చిటికెడు మేత వేసి, నీళ్లు టెస్ట్ చేస్తున్నది ఎందుకనుకున్నావు? పదో రోజుకే వేసేశావు!”

“ఖాళీగా ఉంటే చూడలేకపోయాను. ఆరు చేపలకి ఇంత కోపమేంటమ్మా? మళ్లీ తెస్తాలే.”

సాయిదుర్గ తండ్రి వైపు తిరిగింది.

“తెస్తావు. నీకు ఏది పోయినా వెంటనే ఇంకోటి తెచ్చేసుకోవాలి. అమ్మ పోయి మూడు నెలలైనా కాలేదు, వచ్చే గురువారం అన్నవరంలో నీ పెళ్లంట! ఆ సంగతి నాకు అమ్మమ్మ చెప్పాలా?”

 సురేంద్ర ఫోన్ తీసి ఆడపెళ్లివారికి చేశాడు.

“ముహూర్తం ఇప్పుడు వద్దండి. మా అమ్మాయి ఒప్పుకున్నాక మాట్లాడదాం,” అని పెట్టేశాడు.

సాయిదుర్గ అతని వైపు చూడలేదు. చచ్చిన చేపల్ని ఒక్కొక్కటిగా దోసిట్లోకి తీస్తోంది.

“నేను ఒప్పుకోవడం తర్వాత. ముందు అమ్మ సంవత్సరీకం కానివ్వు,” అంది.