సంతకం పడితేనే తలుపు

"ఏమయ్యా, ఎంతసేపు? తలుపు తియ్!" లిఫ్టులోంచి మేనేజరు గారు కేకేశారు.

లిఫ్టు మూడో అంతస్తుకి మూరెడు కింద ఆగిపోయింది. లోపల ఆయనొక్కరే. బయట మెకానిక్కు తాళంచెవి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"రెండు నిమిషాల పని సార్. ముందు అనుమతి కాగితం మీద మీ సంతకం పడాలి."

"నేనిక్కడ ఉడికిపోతుంటే సంతకమేంటయ్యా!"

"మొన్న సంతకం లేకుండా తీశాననే కదా సార్ మెమో ఇచ్చారు? ఇంకోటి వస్తే ఇంటికే అన్నారు. మా ఆవిడ దాన్ని బీరువాలో పెట్టి, పొద్దున్నే తీసి చూపించి మరీ పంపుతోంది."

లోపల కలం మూత తీసిన చప్పుడైంది.

"సరే, ఇటు తే. పెడతాను."

"నేను నేరుగా మీకిస్తే తప్పు కదా సార్. ముందు సూపర్‌వైజరు గారు, తర్వాత సూపరింటెండెంటు గారు, ఆ తర్వాతే మీరు."

"తెలుసులేవయ్యా, ఆ రూలు పెట్టింది నేనే! పరిగెత్తు!"

మెకానిక్కు మెట్లన్నీ దిగాడు. సూపర్‌వైజరు కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "నాకెందుకొచ్చిన గొడవ? పైవాళ్ళు చూసుకుంటారు" అని అదే ముక్క రాసి సంతకం గీకాడు.

సూపరింటెండెంటు కళ్ళజోడు వెతుక్కుని, "లోపల ఎవరున్నారు?" అన్నాడు.

"మేనేజరు గారేనండీ."

"అమ్మో! పెద్దాయనకి వెళ్ళే కాగితం ఇలా బోసిగా పంపిస్తామా?" అని సంతకం పెట్టి, ముద్ర కొట్టి, అట్ట వేసి, ట్యాగు కట్టి ఇచ్చాడు.

మళ్ళీ మెట్లు. మెకానిక్కుకి ఆయాసం ముంచుకొచ్చింది. తలుపు సందులో అట్ట పట్టలేదు. దాన్ని ఊడబీకి కాగితం ఒక్కటే లోపలికి తోశాడు.

"అందిందా సార్?"

"అందింది, అందింది!"

ఆ మాటకి అతనికి ప్రాణం లేచొచ్చింది. తాళంచెవి తలుపులో పెట్టి సిద్ధంగా ఉన్నాడు. లోపల కలం బరబరా గీసిన చప్పుడు. ఈలోగా తమాషా చూడ్డానికి అంతస్తంతా మూగింది. సూపర్‌వైజరూ సూపరింటెండెంటూ అందరికంటే ముందు నిలబడ్డారు, తలుపు తెరవగానే నమస్కారం పెట్టాలి కదా.

కాగితం సందులోంచి బయటికొచ్చింది.

మెకానిక్కు గబుక్కున అందుకున్నాడు. మూడు సంతకాలూ ఉన్నాయి. మూడోదాని పైన, ఇరవై ఏళ్ళుగా ఏ కాగితం వచ్చినా చూడకుండా రాసే చెయ్యి ఈసారి కూడా రాసేసింది: "రేపు నా గదికి వచ్చి మాట్లాడండి."