రాధమ్మ చేతిరాత

"రాధాకుమారి గారిని కలవాలంటే ఎక్కడికి రావాలి?"

లింక్డ్‌ఇన్‌లో 'రాధమ్మ సహజ బెల్లం' పేజీ కింద ఈ ప్రశ్న అయిదు నెలలుగా ఉంది. అడిగినది సుమన. హైదరాబాదులో ఒక పెద్ద దుకాణాల సంస్థకు సరుకులు కొనే అధికారి. ఒకప్పుడు రాధాకుమారి దగ్గర తెలుగు చదువుకున్న పిల్ల. ఆ ప్రశ్నను నలభై మంది ఇష్టపడ్డారు. జవాబు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

జవాబు చిన్నదే. నిజామాబాదు జిల్లా మోస్రా శివారున, క్యాంపు అని పిలిచే చిన్న పల్లెలో, నిజాంసాగర్ కాలువ గట్టున, బెల్లం వండే షెడ్డు మీద ఒకే ఒక గది ఉంది. పచ్చరంగు తలుపు. తాళం బయట వేసి ఉంటుంది.

రాధాకుమారి ఆ గదిలో ఉంది. వయసు అరవై ఎనిమిది. ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పింది. కిషోర్‌బాబు ఆమె అక్క కొడుకు. తల్లి పోయాక ఆమె ఇంట్లోనే పెరిగాడు. బెల్లం వ్యాపారానికి ఆమె పేరు అడిగాడు, ఇచ్చింది. పొట్లం మీదికి ముఖం అడిగాడు, అదీ ఇచ్చింది.

చెరకు కొట్టడం మొదలైన వారంలో ఒక ఉదయం ఆమె షెడ్డులోకి వెళ్ళింది. మరుగుతున్న పాకంలో బెల్లం వండే పోశయ్య తెల్లని పొడి చల్లుతున్నాడు.

"ఏమిటది, పోశయ్యా?"

"హైడ్రోసు, టీచరమ్మా, తెల్లగ జేసే మందు. సారే తెప్పిచ్చిండు. గిది ఎయ్యకుంటే బెల్లం నల్లగైతది. నల్లది ఎవ్వలు కొంటరు?"

ఆ సాయంత్రం ఆమె కిషోర్‌బాబుకు రెండే మార్గాలు చెప్పింది. ఆ పొడి అయినా మానెయ్యి, పొట్లం మీద నా పేరైనా తీసెయ్. అతను గొంతు పెంచలేదు. "అలాగే, పిన్నీ" అన్నాడు. మర్నాటి నుంచి ఆమె దగ్గర ఫోను లేదు. తలుపుకు తాళం ఉంది.

అన్నం తెచ్చే రేణుకమ్మకు ఆమె మొదటి రోజే చెప్పింది.

"నన్ను బంధించాడు, రేణుకమ్మా. ఎవరికైనా చెప్పు."

"గిట్లనే అంటరని సారు ముందే చెప్పిండు. మతిమరుపు రోగమంట గద. ఏదీ, నిన్న ఏం కూర తిన్నరో చెప్పుండ్రి, సూద్దాం."

"బీరకాయ. ఉప్పు ఎక్కువైంది."

"ఉప్పు ఏసింది నేను. ఎక్కువెట్లైతది?" రేణుకమ్మ జాలిగా కంచం అందుకుంది. "అయ్యో, నాలిక గుడ మతి తప్పింది పాపం."

ఆమె ఎంత స్పష్టంగా మాట్లాడితే రోగం అంత ముదిరిందని క్యాంపంతా అనుకున్నారు.

వారానికొకసారి కిషోర్‌బాబు తెల్లకాగితం, పెన్ను తెచ్చేవాడు. రాధమ్మ చేత్తో రాసిన పేజీని ఫొటో తీసి పెడితే పెద్ద కొనుగోలుదారులు ఆగి చూస్తారని అతను కనిపెట్టాడు.

"ఒక్క పేజీ చాలు, పిన్నీ. చెరకు తోట, నీ చిన్నతనం, ఏదో ఒకటి. ఎమోషనల్‌గా ఉండాలి. ఎలాగూ ఎవడూ పూర్తిగా చదవడు."

"చదవని వాళ్ళకు రాయడం ఎందుకు?"

"చదివినట్టు కనిపించాలని ఉంటుంది కదా వాళ్ళకి."

ఆ మాటకొస్తే అతనికీ తెలుగు చదవడం రాదు. తెలుగు ఉపాధ్యాయురాలి ఇంట్లో పెరిగి, మార్కుల కోసం హాస్టల్లో సంస్కృతం తీసుకున్నవాడు. బస్సు బోర్డు కూడా కూడబలుక్కుంటాడు. రాధాకుమారిది పాతకాలపు గొలుసుకట్టు రాత. ఫోనులోని అనువాద యంత్రానికి అది కొరుకుడు పడదు. అందుకని నిజామాబాదు ఆఫీసులో పనిచేసే అఖిల ప్రతి పేజీనీ చదివి అతనికి అర్థం చెప్పేది. సహజం అన్న మాట ఎక్కడైనా తప్పిపోతే ఆ కాగితం వెనక్కి వచ్చేది. అఖిల గత శనివారం ఉద్యోగం మానేసింది.

నిన్న సాయంత్రం కిషోర్‌బాబు కాగితంతో పాటు ఒక ఖాళీ సూట్‌కేసు కూడా తెచ్చాడు. ఫోనులో సుమన ప్రశ్న చూపించాడు.

"నువ్వెక్కడని అడిగేవాళ్ళు ఎక్కువైపోయారు, పిన్నీ. ఆ సుమన ఆదివారం తనే వస్తానంటోంది. వ్యాపారం వదిలి ఆశ్రమానికి వెళ్ళిపోతున్నానని నువ్వే రాసెయ్. రేపు ఫొటో పెడతాను. ఎల్లుండి తెల్లవారగానే కారు వస్తుంది."

"ఎక్కడ ఆ ఆశ్రమం?"

"చాలా దూరం. నీకు తెలుగు మాట వినిపించదక్కడ. హాయిగా ఉంటావు."

"రాసినది ఎవరు చదివి చెప్తారు నీకు?"

"నువ్వే పైకి చదువు. చివరి పేజీ కదా, నీ గొంతులో వింటాను."

ఆమె రాత్రంతా ఆలోచించి, కిటికీలో వెలుగు రాగానే రాయడానికి కూర్చుంది. ఎనిమిదిన్నరకు అతను మెట్లెక్కి వస్తాడు. ఆమె కాగితాన్ని ఎదురుగా పట్టుకుని, కాలువ నీళ్ళ గురించి, చెరకు వెన్నుల గురించి, సెలవు తీసుకోవడం గురించి తడబడకుండా చదువుతుంది. అతను తల ఊపుతాడు. కళ్ళు తుడుచుకున్నా తుడుచుకుంటాడు. తొమ్మిదికి ఫొటో లింక్డ్‌ఇన్‌లోకి ఎక్కుతుంది. ఆఫీసు పనులు తెమిలి, సాయంత్రం ఆరు దాటితే గాని వ్యాఖ్యలు చూసే అలవాటు అతనికి లేదు.

ఆ ఫొటోలో ఉన్నది ఆమె పైకి చదివిన వీడ్కోలు కాదు, మీరు ఇంతవరకు చదివిన ఈ పేజీ; ఇష్టపడి ఊరుకోకండి, ఆరు గంటల లోపు వచ్చి నా తలుపు తీయండి.