రోడ్డు దాటని మనిషి

“బస్సు నేనాపలేదు సార్, సిగ్నలాపింది!” డ్రైవరు మొరపెట్టుకున్నాడు.

“రోజూనా? పొద్దుటి ఆ ఒక్క ట్రిప్పే ఆలస్యమా?” బస్సుల అధికారి బల్ల చరిచాడు. “కాకమ్మ కథలు చెప్పకు. రేపట్నుంచి స్టీరింగు ముట్టుకోవద్దు. డిపోలో కూర్చో.”

డ్రైవరు దిక్కుతోచక మేడమ్ వైపు తిరిగాడు. “మీరూ మా బస్సులోనే వస్తారు కదమ్మా, మీరే చెప్పండి.”

“నేనెక్కేది సిగ్నల్ దాటాక కదయ్యా. అంతకుముందు సంగతి నాకేం తెలుసు?”

నగరంలోని శాఖల సమాచారాన్నంతా ఒకచోటికి చేర్చడం మేడమ్ ఉద్యోగం. పేరుకు స్మార్ట్ సిటీయే గానీ, శాఖలన్నీ ఎడమొహం పెడమొహం. ఒకరి లెక్క ఇంకొకరికి చూపించమంటే ఆస్తి రాసిమ్మన్నట్టు ముఖం పెడతారు. బస్సులు, సిగ్నళ్ళు, కెమెరాలు చూసే ఈ ముగ్గురు అధికారులనీ ఒక గదిలో కూర్చోబెట్టేసరికే ఆవిడకు తలప్రాణం తోకకొచ్చింది.

“సిగ్నల్ ఊరికే పడదండీ,” అన్నాడు సిగ్నళ్ళ అధికారి. “స్తంభానికున్న బటన్ నొక్కితేనే ఎర్రలైటు పడుతుంది. సరిగ్గా ఆ బస్సొచ్చే వేళకు ఎవరో నొక్కుతున్నారు. నా దగ్గర రికార్డుంది.”

“మా కెమెరా లెక్కలో ఆ వేళకు ఒక్క మనిషీ రోడ్డు దాటలేదు,” అన్నాడు కెమెరాల అధికారి. “మీ బటనే పాడైంది.”

“మీ కెమెరాకే చత్వారం వచ్చింది!”

“మరి నొక్కిందెవరు, దెయ్యమా?”

మేడమ్‌కి డ్రైవరు మీద జాలి ఒకవైపు, అసలు సంగతేమిటో తేల్చాలన్న ఆత్రం మరోవైపు. ఇంతలో ఫోన్ మోగింది.

“అమ్మాయ్, తిన్నావా?”

“మీటింగులో ఉన్నానత్తయ్యా.”

“మీటింగెక్కడికీ పోదు. ముందు తిను.”

మేడమ్ నిట్టూర్చి ఫోన్ పెట్టేసింది. పొద్దున్నా ఇదే పాట. ‘బస్సెక్కడికీ పోదు, కూర్చుని తిను’ అంటూ పళ్ళెం ముందు పెట్టి, అత్తగారు మాత్రం షూ వేసుకుని దర్జాగా వాకింగుకి వెళ్ళిపోతుంది. ఉద్యోగం చేసేవాళ్ళ హడావిడి ఆవిడకేం తెలుసు!

మూడు శాఖల రికార్డులూ మొదటిసారి ఒకే తెర మీద పక్కపక్కన చేరాయి. అందరూ ముందుకు వంగారు. ఆదివారాల్లో ఆ వేళకు ఎవరూ బటన్ నొక్కలేదు. పోయిన నెలలో ఒక వారం పాటు అసలు నొక్కనేలేదు. ఆ వారమంతా బస్సు ఠంచనుగా వెళ్ళింది.

“దెయ్యానికి సెలవులు కూడానా!” అన్నాడు బస్సుల అధికారి, కోపం మరిచిపోయి.

“పాడైన బటన్ ఆదివారం సెలవు తీసుకోదు. ఇది మనిషి పనే,” అంది మేడమ్. “ఇవాళ పొద్దుటి వీడియో వెయ్యండి.”

“ముఖాలు మసకగానే కనిపిస్తాయి. అది మా రూలు.”

“ముఖంతో మనకేం పని? వెయ్యండి.”

తెర మీద స్తంభం పక్కన ఓ ఆడమనిషి నిలబడి ఉంది. చూపు ఒకసారి మలుపు వైపు, ఒకసారి ఎదుటి సందు వైపు. మలుపులో బస్సు కనబడగానే ఠక్కున బటన్ నొక్కింది. ఎర్రలైటు పడింది. బస్సు ఆగింది. ఆవిడ మాత్రం రోడ్డు దాటలేదు, మెల్లగా స్తంభం చాటుకి తప్పుకుంది.

అంతలో సందులోంచి ఇంకో ఆడమనిషి జుట్టు ముడేసుకుంటూ పరుగెత్తుకొచ్చి స్టాపు చేరింది. పచ్చలైటు పడింది. బస్సు ముందుకొచ్చి ఆమెను ఎక్కించుకుని వెళ్ళిపోయింది. స్తంభం చాటు మనిషి చేతులు దులుపుకుని తన దారిన నడిచింది.

“చూశారా! నేను మొత్తుకుంటూనే ఉన్నా!” డ్రైవరు కళ్ళు తుడుచుకున్నాడు.

“సరేనయ్యా, తప్పు నీది కాదు. నీ బస్సు నువ్వే తోలుకో,” అన్నాడు బస్సుల అధికారి. “ఇంతకీ ఎవరండీ ఈ మహాతల్లి?”

మేడమ్ తన కుర్చీ వైపు తిరిగి చూసింది. తెర మీద పరుగెత్తిన మనిషి భుజానున్న సంచీ, ఇప్పుడు తన కుర్చీకి వేలాడుతోంది. బస్సుకి ఆటంకం లేని ఆ వారమంతా తను జ్వరంతో ఇంట్లోనే ఉంది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే ఫోన్ తీసింది.

“అత్తయ్యా, రేపట్నుంచి పెందలాడే తినేస్తాను. మీరింక ఆ బటన్ జోలికి వెళ్ళకండి.”