చెయ్యెత్తని పిల్లలు

లంక పిల్లలకు బడి లేకుండా చేశారు, సూర్యప్రకాశం గారూ. తమరి విద్యాసంఘం మూడు హైస్కూళ్లకూ కలిపి నడిపే పడవను, గోదారికి ఎర్రనీరు దిగి వరద పొంగిన రోజుల్లోనే ఒడ్డున కట్టేయించారు.

పడవ విలువెంతో తేల్చాలని రెండు వారాలు ఆపి చూశారు. ఆపైన కమిటీతో నరసాపురం బడికి వచ్చారు. పడవ నడిపేవాణ్ని, పని లేక ఆ వరండాలోనే నిలబడ్డాను.

“పడవ లేక ఇబ్బంది పడుతున్నవాళ్లు చెయ్యెత్తండి,” అన్నారు తమరు.

క్లాసులో ఒక్క చెయ్యీ లేవలేదు.

“చూశారాండీ! ఇన్నాళ్లూ డీజిలు గోదాట్లో పోశాం,” అన్నారు హెడ్మాస్టరు గారు.

నాకు ఒళ్లు మండింది. “ఎలా ఎత్తుతారండి? ఎత్తాల్సినోళ్లంతా అవతలొడ్డునే ఉండిపోయారు కదండీ!” అన్నాను.

“నిన్నడిగామా? నడు బయటికి,” అన్నారు తమరు.

మర్నాడు తమరు పడవ అక్కర్లేదని తీర్మానం రాయిస్తుండగా, బడికి రాలేక లంకలో ఉండిపోయిన గంగారత్నం అనే పిల్లను తాటిమాను తొలిచిన దోనెలో తెచ్చి తమరి ముందు నిలబెట్టాను. దారిలో దోనె రెండుసార్లు ఒరిగింది. ఆ పిల్ల తడిసిన పుస్తకాలు పట్టుకుని వణుకుతూనే చెప్పింది.

“నాకు ఇబ్బందేనండి.”

“మరి వచ్చావు కదమ్మా!” అని నవ్వారు తమరు. పడవను వేలం వేయమని అప్పుడే సంతకం పెట్టారు.

అడగాల్సింది బడికి రాలేనివాళ్లని. వచ్చే శనివారంలోగా కమిటీ అంతా లంకకే వచ్చి వాళ్లని అడగండి. రావడానికి పడవ లేదంటారా, ఆ ముక్కే కాగితం మీద రాసి పంపండి.