రెండు కుర్చీల సెలూన్

"గడ్డం గీయించుకోవాలండీ," అన్నాడు లోపలికొచ్చిన పెద్దమనిషి.

"ఏ పార్టీ?" అన్నాడు బావ, కత్తి నూరుతూనే.

పెద్దమనిషి తెల్లబోయాడు. గడ్డానికీ పార్టీకీ సంబంధమేమిటో ఆయనకి అంతుబట్టలేదు.

సంబంధం ఉంది మరి. ఆ సెలూన్‌లో ఉన్నవి రెండు కుర్చీలు. కిటికీ పక్కది బావది, గొడుగు పార్టీ. గోడ పక్కది బావమరిదిది, నిచ్చెన పార్టీ. మొదట్లో ఎవరు ఎక్కడైనా కూర్చునేవాళ్లు. ఒకసారి బావ కత్తికింద కూర్చున్న నిచ్చెనవాడొకడు, బుద్ధిలేక, గొడుగు నాయకుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆవేశంలో బావ అతని మీసం సగం లేపేశాడు. మిగతా సగం తీయించుకోవడానికి అతను పక్క కుర్చీలోకి మారాడు. అప్పట్నుంచీ ముందు పార్టీ, తర్వాతే నురగ.

"నాకు పార్టీ లేదండీ."

"పార్టీ లేని మనిషుంటాడా? ఏ ఎండకా గొడుగు పట్టే రకంలా ఉన్నాడు బావా," అన్నాడు బావమరిది.

"మధ్యలో మా గొడుగునెందుకు లాగుతావురా?"

"అలాంటిదేం లేదు," అన్నాడు పెద్దమనిషి. "మనిషి మంచివాడా కాదా చూసి ఓటేస్తాను."

ఇద్దరూ జాలిగా చూశారు.

"పార్టీ తెలియకుండా మంచివాడో కాదో ఎలా తెలుస్తుందండీ?" అన్నాడు బావ. "మా నాయకుణ్ణే తీసుకోండి. రెండు కాపురాలు. రెండిటికీ ఏ లోటూ రానివ్వడు. అంత పెద్ద మనసు."

"మా నాయకుడికీ రెండు కాపురాలేగా. మొన్న ఏమన్నావు?"

"తిరుగుబోతన్నాను. తిరుగుబోతు కాబట్టి అన్నాను."

"మీవాడు ఆస్పత్రి మంచాలు అమ్ముకోలేదూ?"

"మీవాడు బడి బెంచీలు అమ్ముకోలేదూ?"

"అవి పాత బెంచీలు," అన్నాడు బావమరిది కోపంగా.

అప్పుడే అన్నం క్యారేజీతో బావ భార్య వచ్చింది. అంటే బావమరిదికి స్వయానా అక్క.

"పార్టీలు పొయ్యిలో పెట్టండి," అంది క్యారేజీ దించుతూ. "వారం నుంచీ అంటున్నారుగా, ఈ కొట్టు తీసేసి ఇక్కడ పెద్ద బజారు కడతారని. అది ఇవాళ పొద్దున్నే మున్సిపాలిటీ మీటింగులో తేలిపోవాల్సింది, ఎవరో సాయంత్రానికి ఆపించారంట. ఒక్క మెంబరు అడ్డు చెప్పినా కొట్టు నిలబడుతుందంట. వెళ్లి ఎవరి కాళ్లయినా పట్టుకోకూడదూ?"

బావ చేతిలో కత్తి ఆగిపోయింది. ఇంటిల్లిపాదికీ కూడు పెట్టేది ఈ కొట్టే. ఇది పోతే ఇద్దరూ రోడ్డున పడాల్సిందే. వారం నుంచి బావకి కంటిమీద కునుకు లేదు.

"ఆ సంగతే అడుగుదామని," అన్నాడు పెద్దమనిషి మెల్లగా. "కొట్టు తీసేస్తే మీకు కష్టం కాదా?"

కష్టమే అని బావ నోటిదాకా వచ్చింది. కానీ బావమరిది చూస్తున్నాడు.

"కష్టమేముందండీ?" అన్నాడు బావ. "అది మా పార్టీ కడుతున్న బజారు. మావాళ్లు కూలుస్తామంటే నవ్వుతూ తాళాలిచ్చేస్తా."

"మరి మీరేమంటారు?" పెద్దమనిషి బావమరిది వైపు తిరిగాడు.

"మా నిచ్చెనవాళ్లుండగా ఒక్క ఇటుక కదలదు. ఇంకెవరి సాయమూ మాకక్కర్లేదు."

"నిజంగానే అంటున్నారా? ఇంకోసారి ఆలోచించుకోండి."

"మాటంటే మాటే," అన్నారు ఇద్దరూ ఒక్కసారే. వాళ్లిద్దరి మాటా కలవడం పెళ్లినాటి నుంచీ అదే మొదలు.

"అయ్యా, వీళ్ల మాటలు పట్టించుకోకండి," అంటూ ఆవిడ ముందుకొచ్చింది.

"నువ్వూరుకో. గడ్డానికొచ్చినాయనకి మన గోడెందుకు?" అని బావ కసిరాడు.

పెద్దమనిషి గడ్డం తడుముకున్నాడు. "పోనీ నా గడ్డం సంగతేమిటి?"

"ఏదో ఒక పార్టీలో చేరి రండి."

ఆయన నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. గుమ్మం దాటాక ఇద్దరూ పడీపడీ నవ్వారు.

మర్నాడు పొద్దున మున్సిపాలిటీ ఆఫీసు బంట్రోతు గడ్డానికొచ్చాడు. ఆయనతో పేచీ లేదు. ఎవరు గెలిస్తే ఆ కుర్చీలో కూర్చుంటాడు.

"సామాన్లు సర్దుకోండి," అన్నాడు కూర్చుంటూనే. "కొట్టు పోయింది."

"మా నిచ్చెనవాళ్లు ఒప్పుకున్నారా?" అన్నాడు బావమరిది.

"ముందు చెయ్యెత్తింది వాళ్లే. వచ్చే షాపుల్లో గొడుగువాళ్లకి సగం, వీళ్లకి సగం. ఎప్పుడో మాట్లాడేసుకున్నారు."

బావ, బావమరిది చెరో పక్కన గోడకి చేరగిలబడ్డారు. ఎవరూ ఎవర్నీ దెప్పలేదు. బావమరిది కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఒక్కరంటే ఒక్కరు కూడా అడ్డు చెప్పలేదా?" అంది ఆవిడ గుమ్మంలోంచి.

"ఎందుకు చెప్పలేదమ్మా? పార్టీ లేకుండా గెలిచిన మెంబరు ఒకాయనున్నాడు. కొట్టు పోయేవాళ్లని అడక్కుండా చెయ్యెత్తనని, నిన్న పొద్దున మీటింగు ఆపించింది ఆయనే. ఎండనపడి ఇక్కడికొచ్చాడు కూడా. మెంబరునని చెబితే జనం మనసులో మాట చెప్పరని, గడ్డం పేరు పెట్టుకుని వచ్చాడంట."

ఆవిడ గుమ్మం దాటి లోపలికొచ్చింది.

"మరి సాయంత్రం ఎందుకు అడ్డు చెప్పలేదు?" అంది.

"చచ్చినా అబద్ధమాడని మనిషి కదమ్మా, 'ఇద్దర్నీ రెండేసిసార్లు అడిగాను, వాళ్లే వద్దన్నారు' అని చెప్పి, అందరికంటే చివర్న చెయ్యెత్తాడు," అన్నాడు బంట్రోతు.